వాన గుర్తులు ఏ ప్రశ్నకు జవాబు?

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని తెలుగు పల్లెల్లో ఇప్పటికీ అంటారు. ఆ మాట అన్నవాళ్ళే వాన రాకడను పసిగట్టడానికి చీమల బారును చూశారు, తూనీగల గుంపును చూశారు, చంద్రుడి చుట్టూ కట్టిన గుడిని చూశారు. కార్తె కార్తెకూ సామెతలు కట్టుకున్నారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చేవిగా కనిపిస్తాయి గానీ, రైతు మనసులో ఉన్న ప్రశ్నలను విడదీసి చూస్తే ఆ చిక్కు విడిపోతుంది. ఈ ఏడు వానలెలా ఉంటాయన్నది ఒక ప్రశ్న. ఈ పక్షం రోజుల్లో దున్నాలా, విత్తాలా, ఆగాలా అన్నది ఇంకొకటి. ఈ సాయంత్రం కళ్ళంలో ధాన్యం కుప్ప మీద పట్టా కప్పాలా అన్నది మరొకటి. సంప్రదాయ వాతావరణ జ్ఞానం గురించి మన దగ్గర జరిగే వాదనల్లో ఈ మూడూ కలగాపులగం అవుతాయి. పూర్వీకులకు అన్నీ తెలుసని ఒక పక్షం, అంతా మూఢనమ్మకమని మరో పక్షం తీర్పు చెప్పేస్తాయి. ఒక్కో గుర్తునూ పట్టుకుని, ఇది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోంది, ఎంత దూరం వరకు చెప్పగలదు అని అడిగినవాళ్ళు తక్కువ. ఆ పని చేస్తే కొన్ని గుర్తులు ఎంతో గట్టిగా నిలబడతాయి, కొన్ని మనం అనుకోని అర్థంలో నిలబడతాయి, కొన్ని అసలు నిలబడవు.

అన్నిటికన్నా గట్టిగా నిలబడేవి గంటల లెక్కలో పనిచేసే గుర్తులు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వీటికి ఒక అధ్యాయమే కేటాయించి దాన్ని సద్యోవర్షణం అన్నాడు. చీమలు గుడ్లు మోసుకుంటూ తావు మార్చడం, పాములు చెట్లెక్కడం, పిల్లులు గోళ్ళతో నేల గీరడం, ఊసరవెల్లి చెట్టు చివరకెక్కి ఆకాశం వైపు చూడటం, ఉప్పు చెమ్మగిల్లడం, పశువులు కొట్టంలోంచి కదలడానికి మొరాయించడం అందులో ఉన్నాయి. ఇన్ని శతాబ్దాల తరువాత గోదావరి పక్క రైతును అడిగినా, పాలమూరు గొర్రెల కాపరిని అడిగినా చాలావరకు ఇవే చెబుతారు. ఇవి గ్రంథం నుంచి పల్లెకు దిగాయా, పల్లె నుంచి గ్రంథానికి ఎక్కాయా అంటే రెండోదే సబబుగా తోస్తుంది. ఎండలోనూ వానలోనూ పొద్దస్తమానం మందతో, మడితో ఉన్నవాళ్ళకే ఇవి ముందు కంటపడి ఉంటాయి.

ఉప్పు సంగతే చూడండి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. శుద్ధి చేయని రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. అంటే ప్రతి వంటింట్లోనూ తేమను కొలిచే సాధనం ఒకటి జాడీలో ఉండేదన్నమాట. అయితే ఆ సాధనం ఎక్కడ ఉందన్నది ముఖ్యం. భీమునిపట్నంలో సముద్రపు గాలికి ఉప్పు ఏడాదిలో చాలా నెలలు తడిగానే ఉంటుంది, దాన్నిబట్టి వాన వస్తుందని చెప్పలేం. అనంతపురంలో పొడిగా ఉండే ఉప్పు ఒక్కసారిగా చెమ్మగిల్లిందంటే గాలి మారిందని అర్థం. గుర్తు ఒకటే అయినా దాని విలువ ఊరినిబట్టి మారుతుంది. ఈ విషయం పుస్తకాల్లోకెక్కిన జాబితాల్లో కనిపించదు గానీ, ఊళ్ళో బతికినవాళ్ళకు తెలుసు.

పురుగులు గాలి ఒత్తిడిని పసిగడతాయా అన్నది చాలాకాలం ఊహగానే ఉండింది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో పెంకుపురుగులు, రెక్కల పురుగులు, పేనుబంక పురుగుల జతకట్టే ప్రవర్తన ఒత్తిడి మార్పుతో మారుతోందని తేలింది. ఒత్తిడి పడిపోవడమంటే గాలివాన దగ్గరపడటం. చిన్న ఒంటి పురుగుకు అది ప్రాణాపాయం. కాబట్టి మన చీమల సామెతకు శరీరధర్మంలో ఆధారం ఉండే అవకాశం ఉంది. కానీ చీమలు ఇతర కారణాలకూ తావు మారుస్తాయి: పుట్ట చెదిరినా, ఎండకు నేల కాలినా, తిండి దొరికే చోటు మారినా. చీమలు కదిలి, వాన రాని రోజులను ఎవరూ గుర్తుపెట్టుకోరు. వచ్చిన రోజు మాత్రం పదేళ్ళు చెప్పుకుంటారు. గంటల గుర్తులన్నిటిలోనూ ఉన్న పెద్ద లోటు ఇదే.

తూనీగల దగ్గర కొంచెంసేపు ఆగాలి. తూనీగలాడితే తూమెడు వర్షం అని సామెత. పొలాల మీద, రోడ్ల మీద, బడి మైదానాల మీద వందలాదిగా గిరికీలు కొట్టే పసుపు వన్నె తూనీగను శాస్త్రజ్ఞులు పాంటాలా ఫ్లావెసెన్స్ అంటారు. ఇది గుడ్లు పెట్టేది నిలకడగా ఉండే చెరువుల్లో కన్నా, వానకు నిండి కొన్ని వారాల్లో ఎండిపోయే గుంటల్లో ఎక్కువ. ఆ గుంటల్లో చేపలుండవు, పిల్లలకు శత్రువులు తక్కువ. నీరు ఎండేలోపే రెక్కలు తెచ్చుకుని ఎగిరిపోవాలి కాబట్టి దాని ఎదుగుదల కూడా అంతే వేగంగా సాగుతుంది. అంటే ఈ తూనీగ బతుకంతా వాన ఎక్కడ పడుతుందో అక్కడికి చేరడం మీదే ఆధారపడి ఉంది.

మాల్దీవుల్లో నివసించిన సముద్ర జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ అక్కడ ఏటా అక్టోబరులో ఈ తూనీగలు లక్షల్లో దిగడం గమనించాడు. అవి గుడ్లు పెట్టడానికి ఆ దీవుల మీద మంచినీటి మడుగులు లేవనే చెప్పాలి. అంత సముద్రం దాటి అవెందుకు వస్తున్నాయన్న ప్రశ్న వెంట పడి, ఏళ్ళ తరబడి తేదీలు రాసుకుని, 2009లో ఆయన ఒక ప్రతిపాదన చేశాడు. ఇవి మన దేశం వైపు నుంచి బయలుదేరి, వానలను మోసుకొచ్చే గాలుల కలయిక ప్రాంతం దక్షిణానికి జరుగుతున్నప్పుడు దాని వెంట పైగాలుల్లో ప్రయాణించి తూర్పు ఆఫ్రికా వానలను అందుకుంటాయని, తిరిగి నైరుతి గాలులతో వాటి సంతానం ఇటు వస్తుందని ఆయన వాదన. రానుపోను 14,000 నుంచి 18,000 కిలోమీటర్ల ప్రయాణం, నాలుగు తరాల మీదుగా. ఈ లెక్క నిజమైతే తూనీగ వానను ముందుగా ఊహించడం లేదు. వానను తెచ్చే గాలి మీదే అది కూడా ఎక్కి వస్తోంది. తెలుగు రైతు తన పొలం గట్టు మీద నిలబడి చూసింది ఒక మహాసముద్రం దాటే ప్రయాణంలో చివరి అంచె. ఆ సామెతను ఈ వెలుగులో చూసినప్పుడు దాని మీద గౌరవం పెరుగుతుంది. అయితే ఎండ కాచే అక్టోబరు మధ్యాహ్నాల్లో కూడా తూనీగలు ఇలాగే గుంపులు కడతాయి, తూమెడు కాదు కదా చినుకు కూడా పడదు. నెల ఏదో చూడకుండా సామెతను వాడితే అది మోసం చేస్తుంది.

ఇక ఆకాశం. సూర్యచంద్రుల చుట్టూ కనిపించే వలయాన్ని వరదగుడి అంటారు. గుడి దూరంగా కడితే వాన దగ్గర, గుడి దగ్గరగా కడితే వాన దూరం అన్నది తెలుగు నాట చాలా చోట్ల వినిపించే సూత్రం. మన వాతావరణ లోకజ్ఞానంలో దీనికన్నా సూక్ష్మమైన పరిశీలన మరొకటి లేదని నా అభిప్రాయం. దూరంగా, పెద్దగా కనిపించే వలయం చంద్రుడికి 22 డిగ్రీల దూరంలో ఉంటుంది. చాచిన చేతిని విప్పి పెడితే బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస వరకు ఉండేంత. ఆకాశంలో చాలా ఎత్తున, మంచు స్ఫటికాలతో పలచగా పరుచుకున్న మేఘంలో వెలుగు వంగడం వల్ల అది ఏర్పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు దాని నెత్తి మీది మంచుమేఘాలు వందల కిలోమీటర్లు ముందుకు పరుచుకుంటాయి, తీరానికి ముందు చేరేవి అవే. చంద్రుణ్ణి అంటిపెట్టుకుని కనిపించే చిన్న వలయం పుట్టుక వేరు. తక్కువ ఎత్తులోని పలచని మబ్బులో ఉన్న నీటి బిందువుల వల్ల అది కనబడుతుంది, వాన తెచ్చే పెద్ద వ్యవస్థ ఏదీ దగ్గరలో లేకపోయినా కనబడుతుంది. రెండు వలయాలూ వేరు వేరు సంగతులని, వాటి అర్థాలు తలకిందులుగా ఉంటాయని కంటితో మాత్రమే చూసి తేల్చిన మనుషులు ఎవరో తెలియదు. పెద్ద గుడి కట్టిన ప్రతిసారీ వాన పడుతుందని భౌతికశాస్త్రం కూడా చెప్పదు. కానీ సూత్రం చూపించిన దిక్కు సరైనదే.

ఎర్రని ఆకాశం విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. సాయంత్రం పడమర ఎర్రబడితే మర్నాడు తెరిపి, ఉదయం తూర్పు ఎర్రబడితే వాన అన్నది ఐరోపా నావికుల లెక్క, ఇప్పుడు మన పాఠాల్లోనూ కనిపిస్తోంది. ఆ అక్షాంశాల్లో వాతావరణం పడమర నుంచి తూర్పుకు నడుస్తుంది కాబట్టి అక్కడ అది కుదురుతుంది. మన కోస్తాకు వాన తెచ్చే వాయుగుండాలు తూర్పున సముద్రంలో పుట్టి పడమర, వాయవ్యాల వైపు వస్తాయి. ఆ లెక్క ఇక్కడ అతకదు. వేరే నేల మీద పుట్టిన గుర్తును తెచ్చి మన ఆకాశానికి అంటించడం కన్నా, మన జాలర్లు తరతరాలుగా గాలి దిక్కును, అల తీరును చూసి ఏం చెబుతున్నారో రాసుకోవడం మేలు.

ఇప్పటిదాకా చెప్పినవి వాన ముందు కనిపించేవి. మన లోకజ్ఞానంలో పెద్ద భాగం వాన తరువాత కనిపించేవాటిది. విమర్శకులు ఎక్కువగా తప్పుపట్టేది వీటినే, ఎక్కువగా అపార్థం చేసుకునేదీ వీటినే.

ఆరుద్ర పురుగు అందరికీ తెలుసు. ఎర్రని మఖమల్ గుండీలా మెత్తగా ఉండే ఈ పురుగు తొలకరి తరువాత చెలకల్లో బిలబిలమంటూ పైకి వస్తుంది, కొద్ది రోజులు కనిపించి మళ్ళీ మట్టిలోకి వెళ్ళిపోతుంది. దాని జీవితంలో చాలా భాగం నేల లోపలే. నేల లోతుగా తడిస్తేనే బయటికి వస్తుంది, అదే సమయానికి ఉసిళ్ళు కూడా పుట్టల్లోంచి లేస్తాయి, చెద జాతి పురుగులు దానికి ఆహారం. కప్పలూ అంతే. ఎండాకాలమంతా మట్టిలో దాగిన మగకప్పలు గుంటలు నిండగానే పైకి వచ్చి ఆడకప్పల కోసం బెకబెకలాడతాయి. రుగ్వేదంలో వాటి మీద ఒక సూక్తమే ఉంది. వానలు మొదలవగానే గొంతు విప్పే కప్పలను అందులో వేదం చదివే బ్రాహ్మణులతో పోల్చారు. మన పల్లెల్లో వాన జాడ లేనప్పుడు పిల్లలు రోకలికి వేపమండలతో కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతారు, ఇల్లాళ్ళు దాని మీద నీళ్ళు పోస్తారు. కప్పతల్లిని అలా వేడుకోవడం మొక్కు, సూచన కాదు. ఆ తేడా ఆ పిల్లలకూ, ఇల్లాళ్ళకూ తెలుసు.

వాన పడ్డాక వచ్చే పురుగు వానను ఎలా చెబుతుంది, ఇదేం జ్ఞానం అని అడుగుతారు. రైతుకు కావలసింది వాన పడిందా లేదా అన్న వార్త కాదు, ఆ సంగతి ఒంటికే తెలుస్తుంది. పడిన వాన నేలలో ఎంత లోతుకు దిగింది, విత్తనం వేస్తే మొలిచి నిలబడేంత పదును ఉందా అన్నది తెలియాలి. తొలి జల్లుకే తొందరపడి పత్తి విత్తనం పెట్టి, తరువాత వచ్చిన బెట్టకు మొలక మాడిపోయి, మళ్ళీ ప్యాకెట్లు కొనుక్కునే రైతులు తెలంగాణలో ప్రతి ఏటా ఉన్నారు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూ వస్తున్నారు. కానీ రైతు చెలకలో వర్షమాపకం ఉండదు. మండల కేంద్రంలో కొలిచిన వాన అతని చేనుకు చెందదు, గట్టుకు ఇవతల కురిసి అవతల ఎండగాసే వానలు జూన్‌లో మామూలే. ఆరుద్ర పురుగు ఆ చేనులోనే పుట్టి, ఆ చేని తడికే స్పందిస్తుంది. ఏ ఉపగ్రహం నుంచీ వచ్చే సందేశం ఆ ఒక్క చెలక గురించి ఇంత నేరుగా మాట్లాడదు. కాబట్టి దాన్ని వాన సూచన అనకుండా పదును సూచన అంటే ఈ చర్చ సగం తేలిపోతుంది. మన వాన గుర్తుల్లో విలువైనవి చాలావరకు ఈ రకానివే.

కార్తెల సామెతలకు ఇదే సూత్రం ఇంకొంచెం పెద్ద కొలతలో వర్తిస్తుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలం ఒక కార్తె, ఏడాదికి 27. తిథులతో నడిచే చాంద్రమాన నెలలు అధిక మాసాలతో ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. సేద్యానికి జరగని లెక్క కావాలి కాబట్టి రైతు సూర్యుణ్ణి పట్టుకున్నాడు. మే 25 ప్రాంతంలో వచ్చే రోహిణిలో రోళ్ళు పగులుతాయి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర చిందిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది. తెలంగాణలో మృగశిరను మిరుగం అంటారు, ఆ నాడు చేపలు తినే ఆచారం ఉంది. ఆగస్టు రెండో సగంలో మొదలయ్యే మఖ, ఆ వెనక వచ్చే పుబ్బ వరుపైతే అన్న సేద్యమూ తమ్ముడి సేద్యమూ మన్నే అంటారు. ఈ చివరి మాటలో భవిష్యత్తు గురించిన ఊహ లేదు. మెట్ట పైర్లకు నీటి అవసరం పెరిగే దశలో వాన తప్పితే ఎవరి నేర్పూ పనికిరాదన్న అనుభవం ఉంది. విశాఖ కార్తెలో కురిస్తే పైరుకు విషమన్నదీ అలాంటిదే. అది నవంబరు రెండు మూడు వారాలు, వరి కోతకొచ్చే కాలం, బంగాళాఖాతంలో తుపానుల కాలం. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, విశాఖ ముగిసి అనూరాధ ప్రవేశించే వేళకు. కార్తె సామెతలు ఈ ఏడు ఏమవుతుందో చెప్పవు. ఈ పక్షంలో మామూలుగా ఏమవుతుందో, అది కాకపోతే ఎంత నష్టమో చెబుతాయి.

ఇక్కడ ఒక ఖగోళ సంగతి ఉంది, కార్తెల మీద రాసేవాళ్ళు దాన్ని దాదాపు పట్టించుకోలేదు. భూమి ఇరుసు నెమ్మదిగా తిరగడం వల్ల, నక్షత్రాలతో పోలిస్తే రుతువులు సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు చొప్పున వెనక్కి జరుగుతాయి. వరాహమిహిరుడి కాలం నుంచి ఇప్పటికి ఈ తేడా 20 రోజుల దాకా వచ్చింది. తనకన్నా ముందు దక్షిణాయనం ఆశ్లేష మధ్య నుంచి మొదలయ్యేదని, తన కాలంలో కర్కాటకం మొదటి నుంచి మొదలవుతోందని ఆయనే రాశాడు. ఇప్పుడది మృగశిర చివరికి వచ్చింది. దీని భావం ఏమిటంటే, ఆయన కాలంలో రోహిణి కార్తె ఇప్పటి మే మొదటి వారపు ఎండలకు వచ్చేది. నైరుతి రుతుపవనం మన వైపు చేరేసరికి మృగశిర దాటి ఆరుద్ర నడుస్తూ ఉండేది. మరి మృగశిరకు తొలకరిని, రోహిణి చివరికి ఎండ ముమ్మరాన్ని ముడిపెట్టే సామెతలు ఈనాటి తేదీలకు ఇంత చక్కగా ఎలా అతుకుతున్నాయి? అవి వేల ఏళ్ళ నాటివి కావు, లేదా పాతబడినప్పుడల్లా రైతులు వాటిని దిద్దుకుంటూ వచ్చారు. రెండోదే నిజమైతే అది మన లోకజ్ఞానానికి దక్కిన పెద్ద ప్రశంస. అనాదిగా మారకుండా వచ్చిందని పొగిడేవాళ్ళు తెలియకుండానే దాని బలాన్ని తగ్గించి చెబుతున్నారు.

ఏడాది మొత్తానికి చెప్పే జోస్యాల దగ్గరికి వచ్చేసరికి నేల మెత్తబడుతుంది. గుజరాత్‌లో తీతువు గూడు మెరక మీద పెడితే వానలు ఎక్కువని, పల్లంలో పెడితే తక్కువని నమ్ముతారు. భడ్లీ పేరుతో అక్కడ వందల సామెతలున్నాయి. జునాగఢ్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 1990ల నుంచి వాటిని రైతులతో కలిసి పరీక్షించే ప్రయత్నం జరిగింది, ఏటా దేశీ జోస్యులను కూర్చోబెట్టి వాళ్ళ అంచనాలు నమోదు చేసే సంప్రదాయమూ ఏర్పడింది. ఫలితం ఎలా ఉన్నా, ముందుగా రాసిపెట్టి తరువాత సరిచూడటమన్న ఆ పద్ధతి మనకు ఆదర్శం. మన నాట తీతువు అపశకునపు పక్షిగానే మిగిలిపోయింది. గిజిగాడి గూళ్ళను చూసి కూడా వానల జోస్యం చెబుతారు. ఆ గూళ్ళు చెట్టుకు తూర్పు వైపు ఎక్కువగా వేలాడటానికి కారణం నైరుతి గాలి దెబ్బ తప్పించుకోవడమే అయి ఉండాలి. అది ఏటా ఉండే అలవాటు, ఈ ఏడాది వానల పరిమాణంతో దానికి సంబంధం కనబడదు.

చాతకం విషయంలో ప్రాంత భేదం మళ్ళీ ముందుకొస్తుంది. ఉత్తర, మధ్య భారతంలో ఈ పక్షి నైరుతి గాలుల వెంట ఆఫ్రికా నుంచి వస్తుంది కాబట్టి అక్కడ దాని కూత వానల కబురే. దక్షిణాదిలో అది ఏడాది పొడవునా ఉండేదే. కావ్యాల్లో చదివి మనం తెచ్చుకున్న నమ్మకం మన పెరట్లోని పక్షికి పూర్తిగా వర్తించదు.

శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో మాత్రం ఊరి నమ్మకానికి గట్టి ఆధారమే ఉంది. తొలకరి రోజుల్లో అక్కడికి వచ్చి చెట్ల మీద గూళ్ళు కట్టే నత్తగుల్ల కొంగలను ఊరివాళ్ళు వానలకూ పంటలకూ శుభసూచనగా భావిస్తారు, వాటి జోలికి ఎవరినీ రానివ్వరు. ఈ కొంగకు నత్తలే ఆహారం, నత్తలు పెరగాలంటే మడులు, గుంటలు నిండాలి. పిల్లలను సాకడానికి సరిపడే నీళ్ళున్న కాలాన్ని అది ఎంచుకుంటుంది. పక్షి వానను తీసుకురాదు, కానీ పక్షి నిలిచిందంటే ఆ పరిసరాల్లో నీరు నిలిచిందని అర్థం. రాయలసీమలో వీరాపురం చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగల కథ కూడా ఇలాంటిదే. చెరువులు ఎండిన కరవు ఏళ్ళలో అక్కడ పక్షులు తగ్గిపోయాయి.

ఇక పంచాంగం. ఉగాది నాడు మేఘాధిపతి ఎవరో, ఈ ఏడు ఎన్ని తూముల వర్షమో, అందులో సముద్రానికెంత, కొండలకెంత, భూమికెంత అన్నదీ చదివి వినిపిస్తారు. దీనికి మూలమైన సంప్రదాయంలో పరిశీలనకు గొప్ప స్థానం ఉండేది. మార్గశిరం నుంచి మేఘాలు గర్భం ధరిస్తాయని, 195 రోజులకు ప్రసవిస్తాయని వరాహమిహిరుడి సిద్ధాంతం. దాన్ని వాడాలంటే చలికాలమంతా గాలి, మబ్బు, మెరుపు, మంచు ఎలా ఉన్నాయో రాత్రింబవళ్ళు గమనించాలి. వాన పడ్డాక నిర్ణీత పాత్రలో కొలవాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రం కూడా వాన కొలిచే పాత్రను ప్రస్తావించి, ప్రాంతాలవారీగా వర్షపాతం లెక్కలు ఇచ్చింది. సిద్ధాంతం సరైనదైనా కాకపోయినా చూడటం, కొలవటం, సరిచూడటం అందులో ఉన్నాయి. నేటి పంచాంగ ఫలితాల్లో మిగిలింది గణితం ఒక్కటే. వారాన్నిబట్టి అధిపతి, అధిపతినిబట్టి వాన. ఆకాశాన్ని ఒక్క రాత్రి కూడా చూడకుండా వచ్చే ఈ జోస్యాన్ని చీమల గుర్తుతో, వరదగుడితో ఒకే గాటన కట్టడం ఆ గుర్తులకు అన్యాయం.

ఏడాది జోస్యం ఆధునిక శాస్త్రానికీ తేలిక కాదు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ 1886లోనే హిమాలయాల మంచునుబట్టి దీర్ఘకాల అంచనా మొదలుపెట్టింది. 2002లో అంచనా మామూలు వర్షపాతమనే చెప్పింది. ఆ జూలైలో దేశం మొత్తం మీద కురవాల్సినదాంట్లో సగమే కురిసింది, సీజను 19 శాతం లోటుతో ముగిసింది. ఆ ఏడు మన పల్లెల్లో ఏ గుర్తులు ఏం చెప్పాయి? తీతువు ఎక్కడ గూడు పెట్టింది, ఆరుద్ర పురుగు ఎన్నడు కనబడింది? అంతా అయిపోయాక చెప్పుకున్న కథలు ఉండవచ్చు గానీ, ముందుగా రాసిపెట్టుకున్నవే సాక్ష్యంగా పనికొస్తాయి. వాతావరణ శాఖ తప్పిందని మనం ఖచ్చితంగా చెప్పగలగడానికి కారణం అది తేదీ వేసి రాతపూర్వకంగా చెప్పడమే. ఆ అవకాశాన్ని లోకజ్ఞానానికీ ఇవ్వకుండా దాన్ని గెలిపించలేం, ఓడించలేం.

ఒక చోట మాత్రం సందేహానికి తావు లేదు. 1977 ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. ఆ తీరంలో తరతరాలుగా సముద్రాన్ని చదివిన జాలర్లు ఉన్నారు, గాలి మారిందని గ్రహించినవాళ్ళు ఉండే ఉంటారు. ఒడ్డుకు ఎన్ని మీటర్ల నీరు వస్తుందో, ఏ గంటకు వస్తుందో ఏ పక్షీ చెప్పలేదు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఉపగ్రహాల, రాడార్ల సమాచారంతో ఒడిశా, ఆంధ్ర తీరాల్లో 10 లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు, మరణాలు పదుల్లో ఆగాయి. తుపాను హెచ్చరిక వచ్చాక, పశువులు నెమ్మదిగానే ఉన్నాయి కదా అని ఇంట్లో కూర్చోమనే మాటలు ఎవరు చెప్పినా వినకూడదు. పిడుగుల విషయమూ అంతే. సంప్రదాయం మీద ప్రేమ ప్రాణాల మీదికి రాకూడదు.

ఇప్పుడు ఆందోళన పెట్టేది వేరే ఉంది. గుర్తులను నమ్మేవాళ్ళు తగ్గడం కన్నా గుర్తులే తగ్గిపోతున్నాయి. ఆరుద్ర పురుగులు చిన్నప్పుడు కనబడినంతగా ఇప్పుడు లేవని ఏ ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగినా చెబుతారు. కలుపు మందులు, పురుగు మందులు, ఔషధాల కోసం ఆ పురుగులను ఏరి అమ్మడం కారణాలని అంటారు. గుంటలు పూడితే కప్పలకు, తూనీగలకు చోటు లేదు. ఊరి చింతలు కొట్టేస్తే కొంగలకు చోటు లేదు. వీధి దీపాల వెలుగులో వరదగుడి కనపడదు. దీనికి తోడు వానల తీరు మారుతోంది. వాన పడే రోజులు తగ్గి, పడిన రోజు కుండపోతగా పడటం పెరిగితే, మృగశిరకు ఎద్దు రంకె వేసినా ఆ తరువాత మూడు వారాల బెట్ట రావచ్చు. ఒకప్పుడు రైతులు కార్తెలను దిద్దుకోవడానికి శతాబ్దాల వ్యవధి దొరికింది. ఇప్పుడు అంత వ్యవధి లేదు.

చేయగలిగిన పని మన చేతిలోనే ఉంది, ఖర్చు కూడా తక్కువ. ప్రతి మండలంలో ఒక ఉన్నత పాఠశాల, ఒక వర్షమాపకం, ఒక పుస్తకం చాలు. ఆరుద్ర పురుగు మొదట కనబడిన తేదీ, ఉసిళ్ళు లేచిన తేదీ, చీమలు గుడ్లు మోసిన రోజులు, పెద్ద గుడి కట్టిన రాత్రులు, చిన్న గుడి కట్టిన రాత్రులు, ఆ తరువాత మూడు రోజుల్లో కొలిచిన వాన. వాన రాని రోజులను కూడా తప్పకుండా రాయాలి, పుస్తకం విలువంతా వాటిలోనే ఉంటుంది. కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ పుస్తకాలను ఏటా సేకరించి జిల్లాలవారీగా పోల్చవచ్చు. వరదగుడి సూత్రం నిలుస్తుందో లేదో తేలడానికి నాలుగైదు వానాకాలాలు చాలు. పదును సూచనగా ఆరుద్ర పురుగు ఏ నేలలో ఎన్ని మిల్లీమీటర్లకు బయటికి వస్తుందో తేలితే, పత్తి విత్తనం ఎప్పుడు పెట్టాలన్న సలహాలో దాన్ని చేర్చవచ్చు. ఎర్ర నేలకు ఒక లెక్క, నల్లరేగడికి ఒక లెక్క రావచ్చు. ఇవన్నీ తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఊళ్ళలో ఉన్నారు. ఏ గుర్తు ఏ నెలలో పనిచేస్తుంది, ఏ నెలలో పనిచేయదు అన్న షరతులు వాళ్ళకే తెలుసు, అవి సామెతల సంకలనాల్లో దొరకవు. ముందుగా రాసుకోవలసింది ఆ షరతులనే.